తెర వెనక నవ్వు

సినిమాల విషయంలో నాకు మధ్యరకం అభిప్రాయమంటూ ఎప్పుడూ లేదు. నచ్చితే నెత్తిన పెట్టుకునేవాణ్ని. నచ్చకపోతే దాన్ని తీసినవాళ్ళనీ, చూసినవాళ్ళనీ, చూసి నవ్వినవాళ్ళనీ కలిపి తిట్టేవాణ్ని. ఏడుపు సినిమాలంటే నాకు చిరాకు. కథానాయిక దగ్గు మొదలుపెట్టగానే లేచి బయటికొచ్చి బీడీ కాల్చుకునేవాణ్ని. అన్నిటికంటే ఒళ్ళు మండేది మాత్రం హాస్యం దగ్గర. లావుగా ఉన్నవాడు కుర్చీలో ఇరుక్కుంటే నవ్వాలి, నత్తివాడు పెళ్ళి చూపులకి వెళితే నవ్వాలి, పనిమనిషి పళ్ళెం జారవిడిస్తే నవ్వాలి. ఇందులో నవ్వడానికేముందని పక్కవాణ్ని అడిగేవాణ్ని. పక్కవాడు నవ్వు మానేసి నన్ను చూసేవాడు.

నేను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో టైమ్ ఆఫీసు గుమాస్తాని. మా నాన్న అదే వర్క్‌షాపులో ఖలాసీగా చేరి, ఖలాసీగానే పోయాడు. మాది విజయనగరం వైపు. నేను ట్రాఫిక్ కాలనీ క్వార్టర్లో పుట్టి, తెలుగు బడిలో చదువుకుని, మా వాళ్ళలో మొదటిసారి కుర్చీలో కూర్చునే ఉద్యోగం చేశాను. అందుకని నా మాటకి కాస్త విలువుండేది. సోమవారం టిఫిన్ వేళ నా బల్ల చుట్టూ నలుగురు చేరి, శనివారం చూసిన సినిమా ఎలా ఉందని నన్ను అడిగేవారు. వాళ్ళూ చూసినవారే. అయినా నేను చెప్పాక గానీ తమకి నచ్చిందో లేదో తేల్చుకునేవారు కాదు. అది నాకు బాగా తలకెక్కిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఊళ్ళో హాళ్ళన్నిటిలో హిందీ, బెంగాలీ సినిమాలే ఆడేవి. తెలుగు సినిమా అంటే మా రైల్వే క్లబ్బు, అదే ఇన్‌స్టిట్యూట్, మైదానంలో, నెలకో రెండు నెలలకో ఒకటి. రెండు గుంజల మధ్య తెల్లగుడ్డ తెర కట్టేవారు. ఒకటే ప్రొజెక్టరు కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా దీపాలు వెలిగేవి. రెండు షిఫ్టుల వాళ్ళకీ అందాలని రీళ్ళ పెట్టె ముందే వెనక్కి వెళ్ళిపోతే తప్ప, అదే సినిమాని వరసగా రెండు శనివారాలు వేసేవారు. ఈ శనివారం డ్యూటీలో ఉన్నవాడు వచ్చే శనివారం చూస్తాడు. బాగుంటే మొదటివాడు కూడా మళ్ళీ వస్తాడు.

తెరకి ముందువైపు ఆఫీసర్లకి పేము కుర్చీలు, వాళ్ళ వెనక మెంబర్లకి బెంచీలు. తెరకి అవతలి వైపు ఖలాసీల కుటుంబాలు చాపలు పరుచుకుని కూర్చునేవి. అటు టిక్కెట్టు లేదు. బొమ్మ మాత్రం తిరగబడి కనిపిస్తుంది. హీరో ఎడమచేత్తో తాళి కడతాడు, అందరూ ఎడమచేత్తో అన్నం తింటారు, అక్షరాలు వెనక నుంచి ముందుకి నడుస్తాయి. చదువు రానోళ్ళకి అచ్చరాలు ఎటు తిరిగితే ఏటి అని మా అమ్మ అనేది.

అమ్మ ఎప్పుడూ అటే కూర్చునేది. నాకు ఉద్యోగం వచ్చి మెంబరునయ్యాక, మా ఆవిడతో కలిసి ముందువైపు బెంచీ మీదికి రమ్మని చాలాసార్లు పిలిచాను. ఒక్కసారి వచ్చింది. మొదటి రీలు దాకా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. దీపాలు వెలగ్గానే లేచి తెర వెనక్కి వెళ్ళిపోయింది. ఎందుకమ్మా అంటే, ఇక్కడ నవ్వితే వెనక్కి తిరిగి సూస్తన్నారురా అంది.

తిరిగి చూడక మరేం చేస్తారు? మా అమ్మ నవ్వు చిన్నది కాదు. మాట అంతకంటే చిన్నది కాదు. కుళాయి దగ్గర ఆవిడ మాట్లాడితే క్వార్టర్ల మూడో లైను దాకా వినిపించేది. చిన్నప్పుడు నాకు ఆ గొంతు వినిపిస్తే చాలు, ఇల్లు దగ్గర్లోనే ఉందనిపించేది. బడికి వెళ్ళడం మొదలుపెట్టాక అదే గొంతు నాకు ఇబ్బందయింది. మా మాస్టారు బెజవాడ వైపు ఆయన. నేను 'ఏటండీ' అంటే క్లాసంతా వినేలా మళ్ళీ అనిపించేవాడు. పదేళ్ళు తిరిగేసరికి నా నాలుక మారిపోయింది. ఆ తర్వాత ఇంటికొచ్చి అమ్మని దిద్దడం మొదలుపెట్టాను. 'ఏటి' కాదమ్మా, 'ఏమిటి'. 'సెప్పినాను' కాదు, 'చెప్పాను'. అమ్మ నవ్వి, నాకు నోరు తిరగదురా నాయినా, నువ్వు నేర్సుకున్నావు కదా చాలు అనేది.

అంతటితో ఆగలేదు నేను. నేను చెప్పబోయే సినిమా వచ్చిన సంవత్సరమే మాకు కొత్తగా ఒక తెలుగు ఆఫీసరు వచ్చాడు, కృష్ణా జిల్లా మనిషి. నా ఇంగ్లీషు డ్రాఫ్టు నచ్చి ఒక ఆదివారం మా క్వార్టరుకి టీ తాగడానికి వస్తానన్నాడు. ఆయన వచ్చే ముందు నేను వంటింట్లోకి వెళ్ళి, అమ్మా, ఆయన ఉన్నంతసేపూ నువ్వు ఇటు రాకు, ఏదైనా కావాలంటే కోడలితో చెప్పు అన్నాను. కారణం చెప్పలేదు. అమ్మ అడగలేదు. గంటసేపు వంటింట్లోనే కూర్చుంది. ఆయన వెళ్ళాక గ్లాసులు కడుగుతూ, పెద్దాయనికి టీ నచ్చినాదా అని మాత్రం అడిగింది.

ఆ సినిమా వచ్చింది ఆ తర్వాత నెలరోజులకి.

పేరు చెప్పను. మద్రాసులో తీసిన సాంఘికం. పట్నంలో ఒక పెద్దింటి కథ. అందులో ఒక పనిమనిషి ఉంది, మా వైపు నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినావిడ. హాస్యం భారమంతా ఆవిడ మీదే పెట్టారు. మొదటి మాట 'ఏటమ్మగారూ' అని ఆవిడ నోట్లోంచి వచ్చిందో లేదో, ముందువైపు బెంచీలన్నీ నవ్వాయి. ఇంటి యజమాని కొడుకు ఆవిడ మాటని వెక్కిరిస్తాడు. ఆవిడ జవాబు చెబుతుంది, మళ్ళీ నవ్వు. అప్పుడు తెర వెనక నుంచి ఇంకో నవ్వు లేచింది. అంత నవ్వు ఆ మైదానంలో అంతకు ముందు నేను వినలేదు. ఆడవాళ్ళు అరిచి, చప్పట్లు కొట్టి, తెర మీది మనిషికి తిరిగి జవాబులు చెబుతున్నారు. ఆ గోలలో ఒక నవ్వు నాకు వేరుగా వినిపించింది. అది మా అమ్మది.

సరిగ్గా అప్పుడే పేము కుర్చీలోంచి మా ఆఫీసరు వెనక్కి తిరిగాడు. కళ్ళు తుడుచుకుంటూ, 'మీ వైపు వాళ్ళు ఇట్లాగే మాట్లాడతారటగా!' అన్నాడు. ఆయన మనసులో చెడ్డ ఉద్దేశం లేదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం ముఖం మీద ఉమ్మేసినట్టయింది. కోపం కంటే ముందు ఇంకోటి వచ్చింది. తెర వెనక నవ్వుతున్నది మా అమ్మేనని ఆయనకి తెలిసిపోతుందేమోనని భయం వేసింది. ఆ భయాన్ని నేను ఎవరికీ చెప్పలేదు. అది కాస్త నెమ్మదించాక కోపంగా మారింది. కోపమైతే పదిమందిలో చెప్పుకోవచ్చు.

రెండో రీలు అయిపోయి దీపాలు వెలగ్గానే లేచి ఇంటికి వచ్చేశాను. మా ఆవిడ, అమ్మ సినిమా అంతా చూసి వచ్చారు. గుమ్మంలోంచే అమ్మ ఆ పనిమనిషి మాటలు చెప్పుకుంటూ వచ్చింది. నేను దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నట్టు పడుకున్నాను. ఆఖరి దాకా ఉండవలసింది మీరు, అంది మా ఆవిడ. కుళ్ళిపోయిన పండు ఆఖరి దాకా తిననక్కర్లేదని కసిరాను.

సోమవారం టిఫిన్ వేళ నా బల్ల దగ్గర ఉపన్యాసం ఇచ్చాను. మనం ఇక్కడికొచ్చి రెండు తరాలుగా ఇనుము కొట్టి ఈ రైళ్ళు నడిపిస్తుంటే, మద్రాసు వాళ్ళకి మనం నవ్వుకోవడానికి దొరికామా? పనిమనిషి వేషం ఎప్పుడూ మన మాటకేనా? జమీందారు ఎప్పుడైనా మన యాసలో మాట్లాడాడా? డాక్టరు మాట్లాడాడా? ఇవి తప్పు ప్రశ్నలు కావు. ఈ రోజుకీ ఆ ప్రశ్నలకి నేను కట్టుబడి ఉన్నాను. ఆ వారం మా వాళ్ళు రెండుగా చీలిపోయారు. ఊళ్ళోనే దూరంగా ఉన్న ఝపటాపూర్ పేటలో టీ బడ్డీ దగ్గర ఇద్దరు అన్నదమ్ములు దీని మీద మాటా మాటా అనుకుని, ఎవరి టీ వాళ్ళు తాగి చెరో దారిన పోయారు. సరదాకి తీసిందాన్ని సరదాగా చూడలేవా అన్నవాళ్ళు కొందరు. నీ అమ్మని వెక్కిరిస్తే సరదాగా ఉంటుందా అని నేను. ఆ మాట ఎంత తేలిగ్గా వాడానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నాతో తిన్నగా వాదించినవాడు ఒక్కడే, నా పక్క బల్ల గుమాస్తా. వాళ్ళ తాత పాదిరీగారి వెంట కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడట. చర్చిలో పాటలు పాడేవాడు, నెమ్మదైన మనిషి. మీరన్నది నిజమే గానీ ఇన్నాళ్ళకి మన మాట తెర మీద వినిపించింది కదండీ, ఇదివరకు అదైనా ఎవరికి తోచింది అన్నాడు. ఆఖర్న ఆవిడ ఏం చేస్తుందో చూశారా అని కూడా అడిగాడు. చూడలేదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. చూడక్కర్లేదు అన్నాను. అయితే నేను సంతకం పెట్టనండి అన్నాడు.

అప్పటికి సంతకాల దాకా వచ్చేశాను. రైల్వేలో పుట్టినవాడు కోపం వస్తే చెయ్యి ఎత్తడు, ఫుల్‌స్కేప్ కాయితం తీస్తాడు. కుళాయి కారితే అర్జీ, కప్పు కారితే అర్జీ, బదిలీకి అర్జీ, బదిలీ ఆపడానికి అర్జీ. మా కాలనీలో సగం అర్జీలు నేనే రాసేవాణ్ని. ఆడవాళ్ళు నా దగ్గరికి వచ్చి బొటనవేలు ముందుకి చాపేవారు. నేను టైమ్ ఆఫీసు నుంచి సిరా మెత్త తెచ్చి ముద్ర వేయించేవాణ్ని. వాళ్ళు వేలిని జుట్టుకి తుడుచుకునేవారు. నాకు ఒక నియమం ఉండేది. ముద్ర వేయించే ముందు కాయితంలో ఏముందో తెలుగులో మొత్తం చదివి చెప్పేవాణ్ని. అడిగినా అడక్కపోయినా చదివేవాణ్ని. ఆ ఒక్క నియమం వల్లే ఆ వేళ్ళు నన్ను నమ్మాయి.

ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీ బెంగాలీ పెద్దమనిషి. అందరికీ దాదా. ఇలాంటి సినిమా మా స్త్రీలకి అవమానం, రెండో శనివారం వెయ్యకూడదు అని ఇంగ్లీషులో రెండు పేజీలు రాశాను. మంచి ఇంగ్లీషు. మగవాళ్ళ సంతకాలు ముప్ఫైకి పైగా దొరికాయి. కాయితం తీసుకెళితే దాదా చదివి కళ్ళజోడు తీశాడు. స్త్రీలకి అవమానం అంటున్నావు, ఇందులో స్త్రీలేరీ అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాను. అమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కాయితం, సిరా మెత్త ఆవిడ పక్కన పెట్టాను.

'సినిమా గురించి అర్జీ రాశానమ్మా. దాదాకి ఇవ్వాలి. మీవాళ్ళందరి చేతా ముద్రలు వేయించి తేగలవా?'

'ఏ సినిమా? మొన్నటిదేనా?'

'అదే.'

అమ్మ ముఖం విప్పారింది. చేట పక్కకి పెట్టి, చేతులు దులుపుకుంది.

'బేగి రాసినావురా నాయినా. రెండో ఆట ఏయకండానే పెట్టె ఎల్లిపోద్దేమో అనుకున్నాను' అంది.

నేను విన్నాను. ఆవిడ ఏమనుకుందో నాకు తెలిసింది. తెలియలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను, కానీ తెలిసింది. నోరు తెరిచి నా నియమం ప్రకారం ఆ కాయితం చదివి ఉంటే సరిపోయేది. స్నానానికి వెళ్ళిపోయాను. మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ లైన్లన్నీ తిరిగి వచ్చింది. కాయితం నిండా వేలిముద్రలు. మొట్టమొదటిది ఆవిడది. మగవాళ్ళ డ్యూటీ వల్ల మొదటిసారి చూడలేకపోయిన ఝపటాపూర్ వాళ్ళ చేత కూడా వేయించానని గొప్పగా చెప్పింది. ఆవిడ చెవి పక్క నెరిసిన వెంట్రుకల మీద సిరా నీలంగా అంటుకుని ఉంది.

కాయితం అలాగే దాదాకి ఇచ్చాను. శుక్రవారం ఆయన నన్ను పిలిచి, ఠీక్ హై, స్త్రీలే వద్దంటుంటే మేమెందుకు వేస్తాం, హిందీ సినిమా పెట్టె తెప్పిస్తున్నాను అన్నాడు. ఆఫీసులో నా వీపు తట్టినవాళ్ళు తట్టారు. పక్క బల్ల గుమాస్తా తన రిజిస్టరు రాసుకుంటూ కూర్చున్నాడు.

శనివారం సగం పూట ఆఫీసు. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అమ్మ అప్పటికే తల దువ్వుకుని, పెట్టెలోంచి తీసిన నేత చీర కట్టుకుంది. వేయించిన శనగలు పొట్లం కట్టింది. గుమ్మం ముందు ఝపటాపూర్ నుంచి వచ్చిన నలుగురు ఆడవాళ్ళు చాపలు చంకన పెట్టుకుని కూర్చున్నారు. అమ్మ వాళ్ళకి పనిమనిషి వేషం అభినయించి చూపిస్తోంది. వాళ్ళలో ఒకావిడ నన్ను చూసి చెయ్యెత్తి, మీ పున్నెమా అని మళ్ళీ ఏయిస్తన్నారు బాబూ అంది.

అప్పటికి సినిమా మొదలవడానికి అయిదు గంటలు ఉంది. చెప్పడానికి అయిదు గంటలు సరిపోతాయి. నేను సైకిలు తీసుకుని ఊరి చివర హిజ్లీ వైపు వెళ్ళిపోయాను. అక్కడ కాలేజీ గోడ వెంట అటూ ఇటూ తిరిగాను. సినిమా మారితే మారింది, ఏదో ఒకటి చూసి వచ్చేస్తారులే అని సర్దిచెప్పుకున్నాను. చీకటి పడ్డాక మైదానానికి చేరుకున్నాను. బెంచీల వైపు వెళ్ళకుండా తెర వెనక్కి వెళ్ళాను. పెద్దవాణ్నయ్యాక అటు వెళ్ళడం అదే మొదలు.

నేను వెళ్ళేసరికి దాదా మైకులో హిందీలో చెబుతున్నాడు. తెలుగు స్త్రీలు తమకి అవమానంగా ఉందని అర్జీ పెట్టుకున్నారు, అందుచేత ఆ సినిమా ఆపేశాం, మీ మర్యాదే మా మర్యాద. ముందువైపు ఎవరో చప్పట్లు కొట్టారు. వెనకవైపు చాపల మీద యాభై అరవై మంది ఆడవాళ్ళు ఉన్నారు. హిందీ అందరికీ అర్థమవుతుంది. ఒకరి తర్వాత ఒకరు మా అమ్మ వైపు తిరిగారు.

'నువ్వే కదే అప్పా ముద్దర్లు ఏయించినావు? మళ్ళీ ఏయమని రాసినారన్నావు కదా?' అంది మా వెనక లైను ఆవిడ.

అమ్మకి నేను కనిపించాను. గుంజ పక్కన నిలబడి ఉన్నాను. నన్ను చూపిస్తే సరిపోయేది. మా వోడు రాసినాడు, వాణ్ని అడగండి అంటే సరిపోయేది.

'నానే పొరపాటు పడినాను' అంది అమ్మ. 'ఆడు సరిగ్గానే సెప్పినాడు. నానే వేరేగా ఇన్నాను.'

హిందీ సినిమా మొదలైంది. ఝపటాపూర్ వాళ్ళు చాపలు చుట్టుకుని లేచారు. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళు అమ్మతో వెళ్ళొస్తామని కూడా చెప్పలేదు. అమ్మ శనగల పొట్లం విప్పకుండా కొంగున ముడేసుకుని ఇంటి దారి పట్టింది. నేను సైకిలు నడిపించుకుంటూ వెనకే వెళ్ళాను.

ఇంటికి చేరాక దీపం కింద కూర్చుంది.

'ఆ కాయితంలో ఏటి రాసినావు? ఇప్పుడు సదువు' అంది.

నా దగ్గర నకలు ఉంది. ఇంగ్లీషు చూసి తెలుగులో చెప్పాను. చెబుతుంటే ఒక్కో వాక్యం నా నోట్లోనే ఎండిపోయింది. వికారమైన భాష అని ఒకచోట రాశాను. చదువు లేని ఆడవాళ్ళ మోటు మాట అని ఇంకోచోట రాశాను. అవి సినిమా వాళ్ళ దృష్టిలో అని రాశానే గానీ, రాసిన చెయ్యి నాదే. అమ్మ చివరిదాకా విన్నది.

'ఆఖర్న ఏటయినాదో సూసినావా?' అని అడిగింది.

చూడలేదన్నాను.

'ఆ పెద్దింటాయన మనిషిని సంపిస్తాడు. ఇంట్లో అందరికీ తెలుసు. సదువుకున్నోళ్ళందరూ నోళ్ళు మూసుకుంతారు. ఆ పనిమనిసొక్కతే కోర్టుకెల్లి బోనెక్కి సెప్తాది. మన మాటే సెప్తాది. ఎవుళూ నవ్వరు. ఆవిడ సెప్పినదల్లా జడ్జీ రాసుకుంతాడు.' కొంగున ఉన్న పొట్లం తీసి ఒళ్ళో పెట్టుకుంది. 'నాను అందరికీ అదే సెప్పినాను. జడ్జీ రాసుకుంతాడే, రండే, సూద్దురుగాని అని సెప్పినాను.'

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి నేల చూస్తోంది. అమ్మ కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండుననిపించింది.

'ఒరే, నాను మాటాడితే నీకు అవమానమేటి?' అంది.

కాదమ్మా అనడం ఎంతసేపు? రెండు మాటలు. అవి అబద్ధం కాకుండా చెప్పాలంటే నాకు ఇంకా కొన్నేళ్ళు కావాలి. ఆవిడ నా ముఖంలోకి చూస్తూ ఎదురుచూసింది. తర్వాత లేచి, శనగల పొట్లం డబ్బాలో పోసి, నాకు అన్నం వడ్డించింది.

ఆ వారం రోజులూ కుళాయి దగ్గర ఆవిడ గొంతు వినిపించలేదు. తర్వాత కొద్ది కొద్దిగా వాళ్ళతో కలిసింది. లైనులో నవ్వులు మళ్ళీ మొదలయ్యాయి. ఇంట్లో మాత్రం ఒక మార్పు వచ్చింది. మొదట నేను గమనించలేదు. నాతో మాట్లాడేటప్పుడు అమ్మ ఆగి ఆగి మాట్లాడుతోంది. ఒక మాట మొదలుపెట్టి, మింగి, ఇంకో మాట వెతుక్కుని అంటోంది. నేను ఎన్నో ఏళ్ళు దిద్దిన మాటలన్నీ ఆవిడకి వచ్చు. ఏదీ మరిచిపోలేదు. కోడలితో ఎప్పటిలాగే మాట్లాడేది. నేను గదిలోకి రాగానే మారిపోయేది. మాటలు తగ్గిపోయాయి కూడా. వెతుక్కుని మాట్లాడాలంటే ఎవరైనా ఎంతని మాట్లాడతారు?

నెల గడిచాక దాదా దగ్గరికి వెళ్ళాను. ఆ సినిమాని మళ్ళీ తెప్పించమని ఇంకో అర్జీ రాసిచ్చాను. పక్క బల్ల గుమాస్తా చేత మొదటి సంతకం పెట్టించాను. దాదా రెండు అర్జీలూ పక్కపక్కన పెట్టుకుని నా వైపు చాలాసేపు చూశాడు. పాపం, మద్రాసుకి ఉత్తరం రాశాడు. ఆ ప్రింటు పాడైపోయింది, ఇక పంపలేం అని జవాబొచ్చింది.

ఆ జవాబు పట్టుకుని ఇంటికి వెళ్ళాను. అమ్మ గుమ్మంలో కూర్చుని వెనక లైను ఆవిడతో గట్టిగా ఏదో చెప్పి నవ్వుతోంది. నన్ను చూసి ఆపేసింది. అవతలావిడ లేచి వెళ్ళిపోయింది. నేను పక్కన కూర్చుని, ఆ సినిమా కోసం రాయించాననీ, రాదన్నారనీ, తప్పు నాదేననీ చెప్పాను. ఎప్పటిలా మాట్లాడమ్మా నాతో అని కూడా అన్నాను. ఆ మాట అనడానికి నాకు చాలా కష్టమైంది.

అమ్మ పెదాలు కదిలాయి. మాట వెతుక్కుంటోందని తెలుస్తూనే ఉంది.

'పోనీలే బాబూ' అంది. 'ఆ సినిమాలో ఏముందో నాకు జ్ఞాపకం లేదు. నువ్వు లేచి భోజనం చెయ్యి.'

ఒక్క తప్పు కూడా లేకుండా అంది.